ముందు గోడలను అడగండి

పిల్లలూ,

ఒకరి ప్రార్థనాలయానికి ఒకరు వెళ్లి చూడాలనుకున్నారు, చాలా సంతోషం. దేవుడి గురించి వాదన మొదలైతే రెండో మాటకే గొంతులు లేస్తాయి. ‘ఈ గోడలో గూడు ఎందుకుంది?’ అని అడిగితే మాత్రం ఎవరైనా ఆప్యాయంగా చెబుతారు. అందుకే కట్టడంతో మొదలుపెట్టండి. ముందు మీకు బాగా తెలుసనుకునే మీ సొంత ఆలయమే చూడండి.

పదిమందికి మించి వెళ్లొద్దు, వెనకున్నవాళ్లకి మాట వినపడదు. వారం ముందే అనుమతి తీసుకోండి. చెప్పులు ఎక్కడ విడవాలి, తల కప్పుకోవాలా, ఫొటో తీయొచ్చా, ఎక్కడిదాకా రావచ్చు అని అప్పుడే అడిగేయండి. గర్భగుడిలోకి రానివ్వకపోతే చిన్నబుచ్చుకోకండి. ఆ గుడికి రోజూ వచ్చే భక్తులు కూడా సాధారణంగా గడప ఇవతలే ఆగుతారు. వివరించే పని రోజూ అక్కడికొచ్చే మనిషికి అప్పగించండి. మీలో ఆ మతం పిల్లవాడు ఒక్కడే ఉంటే మతం మొత్తానికీ వాడినే జవాబు చెప్పమనకండి. ఆ బరువుకి వాడు రెండోసారి రాడు.

చేతిలో గళ్ల కాగితం, పెన్సిలు, దిక్సూచి ఉండాలి. ముందు పది అంగలు వేసి, ఆ దూరం టేపుతో కొలిచి పదితో భాగిస్తే మీ అంగ పొడవు తెలుస్తుంది. కట్టడాన్ని పైనుంచి చూసినట్టుగా, అంగకి ఒక గడి చొప్పున పటం గీయండి. దిక్సూచిని ఇనుప గేటు దగ్గర పెడితే ముల్లు పక్కకి లాగేస్తుంది, నాలుగంగలు దూరం జరిగి చూడండి.

ఇక పటం చూడండి. మసీదు హాలు చాలాచోట్ల అడ్డంగా వెడల్పుగా వస్తుంది, ఎందుకంటే అందరూ మక్కావైపు తిరిగి భుజం భుజం కలిపి వరుసల్లో నిలబడతారు. పాతకాలపు చర్చి ఎక్కువగా నిడివిగా సాగుతుంది, తలుపు నుంచి బలిపీఠం దాకా చూపు తిన్నగా పోతుంది. గుడిలో మండపం దాటి లోపలికి వెళ్లేకొద్దీ చోటు ఇరుకవుతుంది, వెలుతురు తగ్గుతుంది, దీపం దగ్గర మూర్తి ఒక్కటే కనబడుతుంది. అమృత్‌సర్ స్వర్ణమందిరానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, ఎటునుంచి ఎవరైనా రావచ్చని.

గుమ్మటం ఉంటేనే మసీదనుకుంటారు చాలామంది. కేరళ కోజికోడ్‌లోని మిష్కాల్ మసీదుకి గుమ్మటం లేదు, మినార్లూ లేవు. చెక్కపని, అంతస్తులుగా లేచిన పెంకుల వాలుకప్పులు. కుండపోత వానలకి నీరు జారాలంటే వాలు కావాలి కదా, ఆ ప్రాంతపు గుళ్లకీ అలాంటి కప్పులే.

ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా పటం దొరికితే తప్పక చూడండి. 537లో చర్చిగా పూర్తయింది, 1453లో నగరాన్ని ఆటోమన్ తుర్కులు గెలిచాక మసీదైంది. మక్కా దిక్కు చర్చి దిక్కుతో సరిగ్గా కలవలేదు, అందుకే మిహ్రాబ్, అంటే మక్కా దిక్కు చూపే గోడగూడు, అర్ధవృత్తపు గోడ నడుమన కాక కాస్త కుడికి ఉంటుంది. యుద్ధంలో చేతులు మారిందన్న సంగతి కూడా పటం పక్కనే రాయాలి. దాచిపెట్టిన చరిత్ర తర్వాత అనుమానంగా మారుతుంది. అయితే ఇలాంటి వివాదం మీ చుట్టుపక్కల ఉంటే మొదటి సందర్శనలో దాని జోలికి పోకండి. ముందు పరిచయం పెరగనివ్వండి.

‘అన్నీ ఒకటే’ అని తేల్చేయడం ఇంకో పొరపాటు. మసీదులో విగ్రహం ఉండదు, గుడికి మూర్తే ప్రాణం. అలాంటి తేడాని తుడిచేస్తే రెండు పక్షాలూ నొచ్చుకుంటాయి. అబుదాబిలో 2023లో తెరిచిన అబ్రహామిక్ ఫ్యామిలీ హౌస్‌లో మసీదు, చర్చి, యూదుల సినగాగ్ ఒకే ఆవరణలో ఉన్నాయి. మూడూ 30 మీటర్ల ఘనాలే, ఎవరి కప్పూ ఎక్కువ ఎత్తు కాదు. దిక్కులు మాత్రం ఎవరివి వాళ్లవే. మీ పుస్తకంలో కూడా పోలికలకి ఒక వరుస, తేడాలకి ఒక వరుస గీసుకోండి.

అన్నీ చూశాక పటాలు పక్కపక్కన పరిచి, మీకు చూపించిన పెద్దలందరినీ ఒకచోటికి పిలవండి. తప్పులుంటే వాళ్ల చేతే దిద్దించండి. ఒకరు దిద్దుతుంటే పక్కవాళ్లు ‘ఇదెందుకిలా?’ అని అడుగుతారు. అప్పుడు మీరు మధ్యలో మాట్లాడకండి, వాళ్లనే మాట్లాడుకోనివ్వండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య