పులివెందుల రాతినార, ప్రొక్లైన్ ఆపరేటర్ ఊపిరి

కడప జిల్లా పులివెందుల దగ్గర, బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) గనులు జోరుగా నడిచాయి. అక్కడి వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరల్లోకి కరిగిన శిల చొచ్చుకొచ్చినప్పుడు, ఆ వేడికీ నీటికీ రాయి స్వభావమే మారి తెల్ల ఆస్బెస్టాస్ పుట్టింది. రాతి పగుళ్లలో అడ్డంగా, పట్టుదారంలా మెరిసే పోగులవి. కేంద్రం 1986లో కొత్త లీజులు, 1993లో పాతవాటి రెన్యువల్ ఆపేసింది. గనులు ఆగినా రాయి అక్కడే ఉంది. అందుకే ఆ పొరల్లో రోడ్డుకో పునాదికో మట్టి తీయించే ఇంజనీరు ముందు భూగర్భ మ్యాపు చూసుకోవాలి. నార ఉన్నచోట నీళ్లు చల్లకుండా ప్రొక్లైన్ (మట్టి తవ్వే యంత్రం) బకెట్ దించకూడదు, క్యాబిన్ అద్దాలు తెరిచి పని చేయకూడదు.

ఈ పోగుల్లో చాలావరకు కంటికి కనపడవు. ఊపిరితిత్తుల్లో చేరిన పోగును మింగడానికి రక్షణ కణం వస్తుంది. పోగు కణం కన్నా పొడుగైతే మింగలేక ఆ కణమే చచ్చిపోతుంది, చుట్టూ వాపు మిగులుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే జరిగి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. క్యాన్సర్ కూడా రావచ్చు. మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నాకు ఎక్కువ భయం మెకానిక్ షెడ్డు గురించే. పాత డంపర్లు, డోజర్ల బ్రేక్ లైనర్లలో, క్లచ్ ప్లేట్లలో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ డ్రమ్ము విప్పగానే కుర్రాడు కంప్రెసర్ పైపు పెట్టి గాలి కొడతాడు. బూడిదరంగు పొడి షెడ్డంతా లేస్తుంది. ముఖానికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. గాలి బదులు నీళ్లతో తడిపి, తడి గుడ్డతో తుడిస్తే చాలా ముప్పు తప్పుతుంది. ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయాలి. పని బట్టలు ఇంట్లో భార్య చేత దులిపించకండి. ఆ దుమ్ము పీల్చి జబ్బు పడ్డ కుటుంబాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. ఆస్బెస్టాస్ కలిసిన పాత సిమెంటు రేకుల షెడ్డును జేసీబీతో కూల్చడమూ అంతే ప్రమాదం. తడిపి, బోల్టులు విప్పి, రేకులు పగలకుండా దించాలి.

దగ్గు, ఆయాసం ఉండి ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, మన దగ్గర ముందు టీబీ అనుకుంటారు. కానీ అది రాతినార వల్ల కూడా కావచ్చు. డాక్టరు అడగకపోయినా, ముప్పై ఏళ్ల కిందట ఏ గనిలో, ఏ షెడ్డులో పని చేశారో మీరే చెప్పండి.