జైలు గేటు దగ్గర ఎవరికీ డబ్బులు ఇవ్వకండి: అపోహలు - వాస్తవాలు

సోమవారం పొద్దున ములాఖత్ కౌంటర్ దగ్గర ఒకావిడ తన ఫోన్ నా ముందు పెట్టింది. ఫోన్‌పేలో ఎనిమిది వేలు పంపినట్టు కనబడుతోంది. "పైసలు పంపిన సార్. మా పోరనికి కుట్లు పడ్డయా? ఇప్పుడెట్లున్నడు?" అని అడిగింది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె కొడుకు బండి దొంగతనం కేసులో రిమాండ్‌కి వచ్చి పదకొండు రోజులైంది. ఆ పొద్దున గిన్తీలో, అంటే ఖైదీల లెక్కింపులో, నేనే చూశాను. వరుసలో మూడోవాడు, నిద్రమొహంతో నిలబడ్డాడు. కుట్లేమిటి?

విషయం మెల్లగా బయటికొచ్చింది. నాలుగు రోజుల ముందు ఆమెకు ఫోన్ వచ్చిందట. "జైలర్‌ని మాట్లాడుతున్నా. మీవాడికి బ్యారక్‌లో కొట్లాటలో తల పగిలింది. బయట స్కానింగ్ చేయించాలి. అర్ధగంటలో ఎనిమిది వేలు పంపకపోతే మేం ఏం చేయలేం" అన్నాడట అవతలివాడు. కొడుకు పేరు, తండ్రి పేరు, కేసు, పోలీస్ స్టేషన్ అన్నీ కరెక్ట్‌గా చెప్పాడు. బోరబండలో మిర్చీ బజ్జీల బండి పెట్టుకున్న మనిషి ఆమె. చెవి కమ్మలు తాకట్టు పెట్టి పంపింది.

నేను నోటితో ఎంత చెప్పినా నమ్మలేదు. అబ్బాయిని పిలిపించాను. జాలీకి అవతల నిలబెట్టగానే "తల వంచు బిడ్డా" అంది. వాడికేమీ అర్థం కాక తల వంచాడు. "ఎంటికలు పక్కకను" అంది. రెండు చేతులతో జుట్టు పాయలు పాయలుగా తీసి చూపించాడు. ముందు, వెనక, చెవుల వెనక చూసింది. ఏమీ లేదని తేలాక అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషానికో, పోయిన కమ్మలకో నాకు తెలియదు.

ఈ హైదరాబాద్ నగరంలో నేను జైలు వార్డర్‌గా చేరి, ఇప్పుడు డిప్యూటీ జైలర్‌గా పనిచేస్తున్నాను. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఇలాంటి ఫోన్లు తీసుకున్న తల్లుల్ని, భార్యల్ని లెక్కలేనంతమందిని చూశాను. అందుకే మిగతా అపోహల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇది.

అపోహ: లోపల మనవాడు బాగుండాలంటే బయట ఎవరో ఒకరికి పైసలు ముట్టజెప్పాలి.

వాస్తవం: అబద్ధం. తిండికి డబ్బు లేదు. దుప్పటికి లేదు. డాక్టర్‌కి, మందులకి లేదు. జబ్బు ముదిరితే ఉస్మానియాకో గాంధీకో పంపిస్తాం. పోలీసు ఎస్కార్ట్ తీసుకెళ్తుంది, వైద్యం ప్రభుత్వ ఖర్చు. ఇంటివాళ్ల దగ్గర స్కానింగ్‌కి డబ్బులు అడిగే పద్ధతే జైళ్ల శాఖలో లేదు. ఫోన్ చేసి ఫోన్‌పే నంబర్ ఇచ్చినవాడు జైలర్ కాదు, దొంగ. అంతే.

"మరి మావాడి వివరాలన్నీ వాడికెలా తెలుసు?" అని అందరూ అడుగుతారు. అరెస్టు వార్త పేపర్లో వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. రిమాండ్ రోజు కోర్టు వరండాలో మీరే నలుగురికి చెప్పుకుంటారు. మొన్నటిదాకా అదే బ్యారక్‌లో ఉండి విడుదలైనవాడు కూడా ఈ పని చేయొచ్చు. వివరాలు తెలిసినంత మాత్రాన వాడు మా మనిషి కాడు.

గేటు బయట ఇంకో రకం ఉంటారు. మీరు చేతిలో బిర్యానీ డబ్బాతో నిలబడితే చాలు, "లోపలికి నేను పంపిస్తా, ఐదొందలియ్యి" అని వస్తారు. కోర్టు ఆర్డర్ ఉంటే తప్ప ఇంటి భోజనం లోపలికి రాదు. ఆ డబ్బా సందు చివర వాడి కడుపులోకి పోతుంది. మీరు మాత్రం కొడుకు తిన్నాడనుకుని ఇంటికి పోతారు.

డబ్బు కట్టే సందర్భం ఒకటే ఉంది. ఖైదీ క్యాంటీన్‌లో సబ్బో బిస్కట్లో కొనుక్కోవడానికి అతని పేరు మీద కొంత జమ చేయొచ్చు. దాన్ని మేం పీపీసీ (ప్రిజనర్స్ ప్రైవేట్ క్యాష్, ఖైదీ సొంత డబ్బు) అంటాం. దానికి లెక్క ఉంటుంది, ఖాతా ఉంటుంది, రసీదు ఉంటుంది. రసీదు రాని చోట ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మా శాఖలో చెయ్యి చాచేవాళ్లు అసలే లేరని నేను అనను. యూనిఫాంలో ఉన్నవాడే అడిగితే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. లేదా ఏసీబీ నంబర్ 1064కి ఫోన్ చేయండి. "ఫిర్యాదు చేస్తే లోపల మావాణ్ని సతాయిస్తారేమో" అని భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఇంకో దారి చెబుతున్నాను. వాయిదా రోజు మీవాణ్ని జడ్జి ముందు హాజరుపరిచినప్పుడు నేరుగా చెప్పుకోమనండి. జడ్జి విన్న మాట జైలు గోడల మధ్య ఆగిపోదు.

ఫోన్‌లో మోసపోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. వెంటనే అంటే గంట లోపల. డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ ఉంటుంది. పైన చెప్పిన ఆవిడ నాలుగు రోజులు ఊరుకుంది. ఆ ఎనిమిది వేలు తిరిగి రాలేదు.

డబ్బు విషయంలోనే ఇంకో మాట. "సర్కారు లాయరు ఫ్రీగా వస్తాడు కాబట్టి పట్టించుకోడు" అని మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి లాయర్‌ని పెట్టేవాళ్లు ఎందరో. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఇచ్చిన హక్కు. ఆదాయం ఎంతని కూడా అడగరు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా, ఖైదీ లోపల మాకు ఒక దరఖాస్తు రాసిచ్చినా సరిపోతుంది. రాయడం రాకపోతే మేమే రాయిస్తాం. సొంత లాయర్‌ని పెట్టుకోవద్దని నేననను. ఇల్లు గుల్ల చేసుకుని పెట్టుకోకండి.

అపోహ: బెయిల్ వచ్చింది, జైలువాళ్లే కావాలని వదలట్లేదు.

ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటాను. బెయిల్ ఇచ్చినట్టు కోర్టు చెప్పిన క్షణానికీ, మనిషి గేటు దాటే క్షణానికీ మధ్య చాలా పని ఉంది. జామీన్లు పెట్టాలి. ఆ కాగితాలు కోర్టు సరిచూసుకోవాలి. తర్వాత రిలీజ్ ఆర్డర్ మాకు చేరాలి. మేం పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబర్, సెక్షన్లు, కోర్టు పేరు మా వారెంట్‌తో కలిపి చూస్తాం. ఒక్కటి తేడా ఉన్నా ఆపాల్సిందే. తప్పు మనిషిని వదిలితే ఉద్యోగం పోవడమే కాదు, మేమే లోపలికి వెళ్లాలి. ఒకసారి రిలీజ్ ఆర్డర్‌లో తండ్రి పేరు ఎల్లయ్య అని ఉంది, మా వారెంట్‌లో మల్లయ్య. ఆ ఒక్క అక్షరం కోసం ఆ ముసలి ఖైదీ శనివారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా ఆగాడు. కాబట్టి ఆర్డర్ తయారైనప్పుడే మీ లాయర్‌తో పాటు మీరూ చదువుకోండి. మీ కుటుంబం పేర్లు మీకంటే బాగా ఎవరికి తెలుస్తాయి?

ఇంకోటి, పీటీ వారెంట్. జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కోర్టు ముందుకు తెమ్మనే ఆర్డర్ అది. ఒక కేసులో బెయిల్ వచ్చినా ఇంకో కేసులో పీటీ వారెంట్ పెండింగ్‌లో ఉంటే విడుదల ఆగిపోవచ్చు. ఇది చెబితే "వేరే కేసు సంగతి మాకు తెలియదే" అంటారు. చాలాసార్లు నిజంగానే తెలియదు, పిల్లలు ఇంట్లో చెప్పరు.

2024 డిసెంబర్‌లో ఒక పేరున్న సినీ నటుడికి సాయంత్రం హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చినా చంచల్‌గూడ జైలు నుంచి మర్నాడు ఉదయమే బయటికొచ్చారు, టీవీల్లో అందరూ చూశారు. కాగితం చేతికి రానిదే గేటు తెరుచుకోదు. అయినా కోర్టుకీ జైలుకీ మధ్య "త్వరగా చేయిస్తా" అని తిరిగేవాడికి పదివేలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. అతను చేయించేదేమీ లేదు. ఎలాగూ రాబోయే కాగితాన్ని తానే తెచ్చినట్టు చెప్పుకుంటాడు.

నిజంగా ఆలస్యమైతే దానికి మార్గం ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఆర్డర్ కాపీ అదే రోజో మర్నాడో జైలుకి ఈ-మెయిల్‌లో రావాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలి. నెలలోపు జామీన్లు పెట్టలేకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. జామీన్లు దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. డబ్బులిచ్చి నకిలీ జామీన్లు కొనకండి, అది ఇంకో కేసు అవుతుంది.

ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు, ఇప్పుడు మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపేస్తే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద విడుదలకి అర్హుడు. కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. ఉరి, యావజ్జీవం పడే కేసులకి, మీద వేరే కేసులున్నవారికి వర్తించదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క, పద్నాలుగేళ్లు పడితే ఏడేళ్లే అంటారు. శుద్ధ అబద్ధం. ఇరవై నాలుగు గంటలు ఒక రోజే. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు కాదు, జీవితాంతం. ముందే వదిలే అధికారం ప్రభుత్వానిది. ఆగస్టు 15కి అందర్నీ వదిలేస్తారన్నదీ అంతే. జీవో రావాలి, శిక్ష పడ్డవారిలో అర్హులకే, రిమాండ్‌లో ఉన్నవారికి సంబంధం లేదు.

లోపలున్న అందరూ నేరస్థులేనన్నది ఇంకో అపోహ. 2022 జాతీయ లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, ఇంకా నేరం రుజువు కాలేదు. తల్లి జైలుకెళ్తే పసిపిల్లని లాగేసుకుంటారని భయపడతారు. ఆరేళ్లలోపు బిడ్డ తల్లితో ఉండొచ్చు. జైలువాళ్లూ పోలీసులే అనుకుంటారు. మాది వేరే శాఖ. కేసు మేం పెట్టలేం, తీసేయలేం. మమ్మల్ని బతిమాలి లాభం లేదు.

ఇక అందరి మనసులో ఉండి ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న, మొదటి రాత్రి. ఏం జరుగుతుందో చెబుతాను. సాయంత్రం పోలీసులు తెస్తారు. వారెంట్ చూస్తాం. పుట్టుమచ్చలు, ఎత్తు, బరువు రాసుకుంటాం. డాక్టర్ చూస్తాడు. ఒంటి మీద దెబ్బలుంటే అవి కాగితం మీదికి ఎక్కుతాయి, అది మీవాడికే మంచిది. ఉంగరం, గొలుసు, పర్సు ప్రాపర్టీ రిజిస్టర్‌లో రాసి సంతకం తీసుకుంటాం. బెల్టు తీసేస్తాం. మొలతాడు దగ్గరికొచ్చేసరికి కొందరు ఏడుస్తారు. అమ్మ కట్టిందని. కొత్తగా వచ్చినవాళ్లు ఆ రాత్రి పెద్దగా తినరు. చిప్పకూడు అని వినివిని వచ్చుంటారు కదా, పళ్లెం వంక చూస్తూ కూర్చుంటారు. రౌండ్‌కి వెళ్లినప్పుడు నేను వాళ్ల దగ్గర కాసేపు ఎక్కువ నిలబడతాను. ఆ రాత్రి కళ్లు మూసుకోనివాణ్ని కనిపెట్టుకోవడమే మా నైట్ డ్యూటీలో పెద్ద పని. లోపల మా చేతిలో తుపాకీ ఉండదు. లాఠీ, తాళాల గుత్తి, చూసే కళ్లు, అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ చుట్టాలకి "గవర్నమెంట్ నౌకరి" అని చెప్పి ఊరుకునేది. జైలు అనేది కాదు. పెళ్లి సంబంధాలు పోతాయని ఆమె భయం. అందుకే ములాఖత్‌కి వచ్చి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్లని చూస్తే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. సిగ్గుతో ఎవరినీ అడగరు. అడగనివాళ్లే ఎక్కువ మోసపోతారు. లోపలున్నవాడి గురించి ఏం తెలుసుకోవాలన్నా ఆధార్ కార్డు తీసుకుని ములాఖత్ కౌంటర్‌కే రండి. ఆన్‌లైన్‌లో ఈ-ములాఖత్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు కూడా.

విడుదల రోజు సంగతి. సాయంత్రం లాకప్ అయ్యేలోగా, అంటే ఖైదీలను బ్యారక్‌లలో పెట్టి తాళం వేసేలోగా, రిలీజ్ ఆర్డర్ మాకు అందకపోతే ఇక మర్నాడే అనుకోండి. గేటు ఎదురుగా ఫుట్‌పాత్ మీద చంటిపిల్లలతో రాత్రంతా కూర్చోకండి. ఇంటికెళ్లి పడుకుని పొద్దున్నే రండి. వచ్చేటప్పుడు ఒక జత బట్టలు, చెప్పులు తెండి. చాలామంది అరెస్టయిన రోజు వేసుకున్న బట్టలతోనే బయటికొస్తారు.