విదేశీ ఎక్స్‌పోజర్ విజిట్లు: సంరక్షణ రంగంలో ఉన్న అపోహలు - వాస్తవాలు

నేను చెన్నైలో సోషల్ వర్కర్‌ని. వృద్ధులు, మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటున్నవారు ఉండే ఇళ్లను నడిపే సంస్థలో పని. బయటి దేశాల నుంచి వచ్చే బృందాలకు మా పని చూపించడం, మావాళ్లు బయటికి వెళ్లేటప్పుడు ఏర్పాట్లు చూడడం కూడా నా మీదే ఉంటాయి. ఇలా ఒకరి పనిని మరొకరు చూసి నేర్చుకోవడానికి చేసే ప్రయాణాలనే ఎక్స్‌పోజర్ విజిట్లు అంటాం. విజయవాడ నుంచి, తిరుపతి నుంచి, హైదరాబాద్ నుంచి తెలుగు సంస్థల వాళ్లు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. ఆ మాటల్లో పదే పదే వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. ఈ ప్రయాణాలకు పెట్టే డబ్బు మనం చూసుకునేవాళ్లకు అక్కరకు రావాలంటే అవి పోవాలి.

అపోహ: ఇవి సంస్థ ఖర్చుతో చేసే విహారయాత్రలు.

వాస్తవం: ఐదు రోజుల్లో పది సంస్థలు చుట్టి రావాలనుకుంటే నిజంగానే అలా అవుతాయి. ప్రతిచోటా ఓ స్వాగతం, పవర్‌పాయింట్, టీ, గ్రూప్ ఫోటో, మళ్లీ బస్సు. అదే ఒక్క చోట మూడు రోజులు ఉండండి. మొదటి రోజు వాళ్లు చూపించదలచుకున్నది చూస్తారు, రెండో రోజు నుంచి అక్కడ రోజూ జరిగేది చూస్తారు. ఎవరడిగినా నేను చోట్లు తగ్గించుకోమనే చెబుతాను.

అపోహ: నేర్చుకోవాలంటే యూరప్‌కో అమెరికాకో వెళ్లాలి.

వాస్తవం: చెన్నైలో ఉండి ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ఇక్కడి ది బాన్యన్ సంస్థ 2015లో ‘హోమ్ అగెయిన్’ మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన మహిళలు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో, మామూలు అద్దె ఇంట్లో ఉంటారు. తోడుకు సంస్థ మనిషి ఉంటారు. సమాజంలోనే అందించే మానసిక ఆరోగ్య సేవలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇటలీలోని ట్రియెస్టే నగరపు సేవలతో పాటు ఈ చెన్నై ఇళ్ల గురించీ రాశారు.

అందులోనే జింబాబ్వే ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ కూడా ఉంది. సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా 2006లో హరారేలో మొదలుపెట్టిన పని అది. క్లినిక్ ఆవరణలో ఓ బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఓ అవ్వ. దిగులుతో వచ్చినవాళ్లు ఆమె పక్కన కూర్చుని మాట్లాడతారు, ఇద్దరూ కలిసి ఒక సమస్యను పట్టుకుని దారి వెతుకుతారు. ఆ బెంచీ న్యూయార్క్ దాకా వెళ్లింది. జపాన్‌లో దుకాణదారులకు, బ్యాంకు ఉద్యోగులకు, బడిపిల్లలకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో గంటన్నరలో నేర్పే కార్యక్రమం 2005లో మొదలైంది. దాన్ని చూసే బ్రిటన్ 2013లో ‘డిమెన్షియా ఫ్రెండ్స్’ ప్రారంభించింది. ఊరివాళ్లే వాలంటీర్లుగా నడిపే కేరళ పాలియేటివ్ కేర్‌ను, అంటే తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్ల బాధను తగ్గించే సంరక్షణను, 2022లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ ప్రపంచానికి ఉదాహరణగా చూపింది. మనకు కోళికోడ్ వెళ్లడానికి వీసా కూడా అక్కర్లేదు, రైలు టికెట్ చాలు.

అపోహ: బాగున్న మోడల్‌ను చూసొచ్చి ఇక్కడ పెట్టేయొచ్చు.

వాస్తవం: ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో తెరిచిన హోగెవేక్ గురించి చాలామంది వినే ఉంటారు. డిమెన్షియా ఉన్నవాళ్లు ఆరేడుగురు చొప్పున చిన్న చిన్న ఇళ్లలో ఉంటారు. ఆవరణలోనే సూపర్‌మార్కెట్, కేఫ్, వీధులు. చూసినవాళ్లు ‘మనమూ అలాంటి ఊరు కట్టాలి’ అంటూ తిరిగొస్తారు. ఆ ఇంట్లో ఒక్కో మనిషికి అయ్యే ఖర్చును ఎక్కువ భాగం ఆ దేశపు దీర్ఘకాలిక సంరక్షణ చట్టం కింద ప్రభుత్వ నిధే భరిస్తుందన్న సంగతి వాళ్ల నోట్సులో ఉండదు. జపాన్‌దీ అంతే. 2000 ఏప్రిల్ నుంచి అక్కడ సంరక్షణ బీమా నడుస్తోంది. 40 ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు, మిగతా సగం పన్నుల నుంచి వస్తుంది. మనం చూసి ముచ్చటపడే డే కేర్ సెంటర్ ఆ డబ్బు మీద నిలబడింది.

బెల్జియంలోని గీల్ పట్టణం నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ. మానసిక అనారోగ్యం ఉన్నవారిని అక్కడి కుటుంబాలు ఇంట్లో పెట్టుకోవడం 13వ శతాబ్దం నుంచే ఉంది. 1930ల చివర్లో అలా మూడు వేల మందికి పైగా ఉండేవాళ్లు. 2023లో యునెస్కో కూడా ఆ సంప్రదాయాన్ని గుర్తించింది. ‘ఎంత మంచి మనసో వాళ్లది’ అనుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. ఆ కుటుంబానికి భత్యం అందుతుంది, నర్సు వచ్చిపోతుంటారు, పరిస్థితి చెయ్యి దాటితే చేర్చుకోవడానికి ఊళ్లోనే ఆసుపత్రి ఉంది. మన దగ్గర కుటుంబాలు చేసేదీ అదే పని. ఆ మూడూ లేకుండా, వీపు మీద ఒక్కరే మోస్తూ చేస్తున్నారు.

అందుకే ఎక్కడికి వెళ్లినా మూడు అడగమంటాను: జీతాలు ఎవరిస్తారు? రాత్రి రెండింటికి గొడవైతే ఎవరు వస్తారు? మొదట ఏం చేసి మానేశారు? మూడోదానికి జవాబు రావడానికి సమయం పడుతుంది. సాధారణంగా భోజనాల దగ్గర బయటపడుతుంది.

ఈమధ్య ఓ యూరప్ బృందం వచ్చినప్పుడు మా ఇళ్లలో ఒకదానికి తీసుకెళ్లాను. గుమ్మం దగ్గరే ఆగి, లోపల ఉన్న పెద్దావిడను రావచ్చా అని అడిగాం. డాబా మీద వడియాలు పెడుతున్నాననీ కాసేపాగమనీ ఆమె తెలుగులో కేకేసింది, ఆగాం. తర్వాత కాఫీ ఇచ్చి తనే ప్రశ్నలు మొదలుపెట్టింది. ‘మీ ఊళ్లో ఇలాంటి ఇంటికి అద్దెంత బాబూ? అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉంటుంది?’ ఆ దేశంలో చాలామందికి అద్దె ఒప్పందం వాళ్ల పేరు మీదే ఉంటుందనీ, సేవలందించే సంస్థ మారినా ఇల్లు పోదనీ బృందంలో ఒకతను చెప్పాడు. ఆమె నా వైపు చూసింది. మా దగ్గర ఒప్పందాలన్నీ సంస్థ పేరు మీదే ఉన్నాయి. ఇప్పుడు కొత్త ఇళ్లకు అందులో ఉండేవాళ్ల పేర్లు కూడా చేర్చమని ఓనర్లతో మాట్లాడుతున్నాం. కొందరు ఒప్పుకోవడం లేదు, మేమూ వదలడం లేదు.

అపోహ: డైరెక్టరు, మేనేజరు వెళ్లొస్తే చాలు. ఆయాలకు ఇంగ్లీషు రాదు కదా.

వాస్తవం: వ్యాసర్పాడి నుంచి వచ్చే మా నైట్ డ్యూటీ ఆయాకు తెలుగు, తమిళం వచ్చు. పాస్‌పోర్టు తీయించి సింగపూర్‌లో ఓ వృద్ధాశ్రమం చూసిన బృందంలో ఆమెను పంపాం. మంచం మీద నుంచే బాత్రూమ్ తలుపు కనిపించేలా గది ఉండడం, టాయిలెట్ సీటు గోడ రంగులో కలిసిపోకుండా ముదురు రంగులో ఉండడం, నేల దగ్గర చిన్న లైటు వెలుగుతుండడం ఆమె గమనించింది. రాత్రుళ్లు లేచి దారి తెలియక పడిపోయేవాళ్లను పట్టుకునేది ఆమే మరి. మేనేజర్ల నోట్సులో ఆ మాటే లేదు. దుబాసీ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాసుకోండి. సేవలు అందుకున్నవారిలో ఒకరినైనా బృందంలో చేర్చండి. వాళ్లు వేసే ప్రశ్నలు మనకు తట్టవు.

అపోహ: మంచి పనికే కదా, ఫోటోలు తీసుకుంటే తప్పేంటి?

వాస్తవం: తప్పే. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సలో ఉన్న మనిషి ఫోటోను వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. పిల్లల విషయం ఇంకా కఠినం: 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ కింద ఆ చట్టం పరిధిలోకి వచ్చే పిల్లల్ని గుర్తుపట్టేలా ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎవరి ఇంట్లోకో వెళ్లి వాళ్లు అన్నం తింటుంటే ఫోన్ ఎత్తడం ఏ దేశంలోనూ మర్యాద కాదు. మా దగ్గర ఫోన్లు బయట బుట్టలో పెట్టాకే లోపలికి.

అపోహ: విదేశీ సంస్థ ఖర్చు భరిస్తే అందరికీ ఢిల్లీ నుంచి అనుమతి కావాలి.

వాస్తవం: అందరికీ కాదు. విదేశీ ఆతిథ్యానికి, అంటే బయటి సంస్థ మన ప్రయాణ, బస ఖర్చులు భరించడానికి, కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావలసింది చట్టసభల సభ్యులకు, పార్టీల పదాధికారులకు, జడ్జీలకు, ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ అధీనంలోని సంస్థల ఉద్యోగులకు. స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి ఆ జాబితాలో లేరు. బృందంలో ప్రభుత్వ డాక్టరు ఉంటే మాత్రం ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఆ అనుమతి కోరే ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి. చివరి నిమిషంలో టెన్షన్ పడేకంటే నెల ముందే పెట్టడం మేలు.

అపోహ: రిపోర్టు ఇచ్చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: రిపోర్టు నిధులిచ్చినవాళ్ల కోసం. వెళ్లొచ్చినవాళ్లు వారంలోపే వెళ్లనివాళ్లతో కూర్చోవాలి. ఉన్న డబ్బుతో, ఉన్న మనుషులతో చేయగలిగే ఒక్క మార్పును వాళ్లంతా కలిసి ఎంచుకోవాలి. ఆరు నెలల తర్వాత ఆతిథ్యమిచ్చినవాళ్లకు ఉత్తరం రాయాలి: ఏం చేశాం, ఏది నడవలేదు, ఎందుకు నడవలేదు. మాకు అలాంటివి వచ్చింది తక్కువే, కానీ వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తమిళంలో, తెలుగులో చెప్పించి స్టాఫ్ మీటింగ్‌లో అందరికీ వినిపిస్తాం.