బొమ్మల పుస్తకం చదివే గొంతు ఎవరిది?

మూడేళ్ళ పిల్లకి బొమ్మల కథ చదివి పెట్టడానికి ఇప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలని లేదు. ఫోన్‌లో కథ తెరిస్తే బొమ్మ వస్తుంది, కింద ఒకటో రెండో వాక్యాలుంటాయి, ఎవరో చదువుతుంటే పలికిన మాట పలికినట్టే రంగు మారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి పుస్తకాల అవసరం చాలాచోట్ల కంటే ఎక్కువ. అమ్మానాన్నలు హైదరాబాదులోనో చెన్నైలోనో తాపీ పనుల్లో ఉంటారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఆ అమ్మమ్మల్లో చాలామందికి కథలొచ్చు, చదువు రాదు. బడి నుంచి బొమ్మల పుస్తకం ఇంటికి వచ్చినా చదివి వినిపించేవాళ్ళు ఉండరు. ఆ లోటు ఫోన్‌లో గొంతు తీర్చగలదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ గొంతు ఏ ఊరి తెలుగు పలుకుతోంది? కొండ మీది సవర తెగ పిల్లతో ఏ భాషలో మాట్లాడుతోంది? ఈ ప్రశ్నలు ఫోన్లతో పుట్టలేదు. వీటికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది, అందులో ముఖ్యమైన భాగం మన జిల్లాల్లోనే నడిచింది.

పిల్లల బొమ్మల పుస్తకాల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా 1658 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో కొమీనియస్ అనే చెక్ పండితుడి పుస్తకం అచ్చయింది. లోకంలో కనిపించే వస్తువులన్నిటికీ బొమ్మలు, పక్కన లాటిన్, జర్మన్ మాటలు. ఆ పుస్తకం మొదట్లో అక్షరాలు నేర్పే పద్ధతి చూడండి. ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రాణి బొమ్మ, అది చేసే చప్పుడు. కాకి ఆ ఆ అంటుంది, గొర్రెపిల్ల బే బే అంటుంది, కీచురాయి సీ సీ అంటుంది. పిల్లలు బొమ్మ చూస్తూ ఆ చప్పుడు పలకాలి, ఆ పలుకులోంచి అక్షరాన్ని పట్టుకోవాలి. అచ్చులో బొమ్మల పుస్తకం వచ్చిన తొలినాళ్ళ నుంచీ దానికి గొంతు తోడుగా ఉంది.

పుస్తకం ఊసే లేని చోట కూడా బొమ్మా గొంతూ కలిసే ఉండేవి. సీతంపేట వైపు సవర ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. మనుషులు, జంతువులు, చెట్లు, పూర్వీకులు అన్నీ ఆ గోడ మీదికి వస్తాయి. బొమ్మ వేయడంతో పని పూర్తికాదు. పూజారి దాని ముందు కూర్చుని మంత్రం చదివి, అందులో ఎవరెవరున్నారో పిలిచి చెప్పాలి. మైదానం ఊళ్ళలో జముకుల కథ ఉంది. కథకుడు పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు వంత పాడతారు, జముకు మోగుతూ ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ చెప్పే కథకి పిల్ల ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని అర్థం, కథ అక్కడికి ఆగుతుంది. ఊ కొట్టేవాళ్ళని బట్టే కథ సాగుతుంది, కుదించుకుంటుంది, ఒక్కోసారి దారి మార్చుకుంటుంది. రికార్డు చేసిన గొంతుకి ఇంతవరకూ పట్టుబడని విద్య ఇదొక్కటే.

ఇక బడి సంగతి. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు దొరకి ఒక అనుమానం వచ్చింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి, ఇదేమిటని. విజయనగరంలో గురజాడ అప్పారావు గారికి, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారికి ఆ ప్రశ్న అప్పటికే తెలిసినదే. వ్యావహారిక భాషా ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. పత్రికల్లో, సభల్లో జరిగిన వాదాల గురించే మనం ఎక్కువగా చెప్పుకుంటాం. కానీ దాని మొదలు బడిలో ఉంది, పిల్లవాడి నోటికీ చేతిలో పుస్తకానికీ మధ్య దూరంలో ఉంది.

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా ఉండగా సవరలతో పరిచయమై, ఆ భాష వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. తరవాత సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం మెచ్చి వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి ఒక మంచి బడి పెట్టమన్నారని చెబుతారు. సవర భాష మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. పిల్లల పుస్తకం గురించి ఆలోచించే ప్రతివాళ్ళూ ఆయన పని వరస గుర్తుంచుకోవాలని నా కోరిక. ముందు చెవితో విన్నారు, తరవాత నోటితో పలికారు, ఆ తరవాతే కాగితం మీద పెట్టారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. గిడుగు వారు మనసు కష్టపెట్టుకుని ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. సవరలు మాత్రం కొత్త సరిహద్దుకి అటూ ఇటూ ఉండిపోయారు. అదే ఏడాది జూన్‌లో మంగై గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారు చేశారు. దాన్ని సొరాంగ్ సొంపెంగ్ అంటారు. అలా ఒకే భాష ఇటు తెలుగు లిపిలో, అటు ఒడియా లిపిలో, మిషనరీల పుస్తకాల్లో రోమన్ లిపిలో, సొంత లిపిలో నాలుగు దారులు పట్టింది. గొంతుతో చదివే పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఈ నాలుగు లిపుల సంగతి చాలా ముఖ్యమవుతుంది.

ఈలోగా విదేశాల్లో గొంతుని బంధించే యంత్రాలు వచ్చాయి. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. 1890లో దాన్ని బుల్లిగా చేసి మాట్లాడే బొమ్మ కడుపులో అమర్చి అమ్మాడు. పిల్లల పాటలు పాడాల్సిన ఆ బొమ్మ తొందరగా పాడైపోయేది, గొంతు కూడా పిల్లల్ని జడిపించేలా ఉండేది. కొద్ది వారాల్లోనే అమ్మకం ఆపేశారు. పుస్తకానికి రికార్డు జోడించి నిలబడిన తొలి ప్రయత్నం 1917 నాటి బబుల్ బుక్స్. పేజీల మధ్య కాగితపు జేబులు, ఒక్కో జేబులో అయిదున్నర అంగుళాల చిన్న రికార్డు. పిల్లలు బొమ్మ చూస్తూ పాట వినేవారు. తరవాత పెద్ద అడుగు పడింది అంధుల వల్ల. 1934లో అమెరికాలో వాళ్ళ కోసం మాట్లాడే పుస్తకాలు రికార్డుల మీద వచ్చాయి. 1996లో డైసీ అనే సంస్థ ఏర్పడి, రాతనీ గొంతునీ వాక్యం వాక్యం జతచేసే పద్ధతి తెచ్చింది. 2011 నాటి ఈ-పుస్తకాల ప్రమాణంలోకి ఆ పద్ధతి చేరింది. ఫోన్‌లో మాట రంగు మారడం చూసి మురిసిపోయే ప్రతి పిల్లా అంధ పాఠకుల పోరాట ఫలితాన్ని అనుభవిస్తున్నట్టే.

మన దగ్గర ఆ గొంతు ముందు రేడియోలో వినిపించింది. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు రేడియో అన్నయ్య, అక్కయ్యలై మద్రాసు కేంద్రం నుంచి పిల్లల చేతనే మాట్లాడించారు, పాడించారు. 1945లో వాళ్ళు తెచ్చిన 'బాల', 1947 జూలైలో మొదలైన 'చందమామ' అచ్చులో బొమ్మల కథలు పంచాయి. చందమామ అట్ట మీద ఏళ్ళ తరబడి బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టినవారే. తరవాత విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కో నుంచి వచ్చిన తెలుగు బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరికేవి. గొంతు రేడియోలో, బొమ్మ పుస్తకంలో. రెంటినీ కలిపే పని చదువొచ్చిన అమ్మానాన్నలున్న ఇళ్ళలోనే జరిగింది.

కంప్యూటర్ తెర మీద ఆ రెండూ కలిసింది 1992లో, బ్రోడర్‌బండ్ అనే అమెరికా కంపెనీ సీడీల మీద తెచ్చిన లివింగ్ బుక్స్‌తో. మాట చదువుతుంటే అది వెలుగుతుంది. మౌస్‌తో చెట్టుని నొక్కితే చెట్టు ఆడుతుంది, పిల్లిని నొక్కితే పిల్లి గెంతుతుంది. పిల్లలు నొక్కుతూ కూర్చుని కథ మరిచిపోయేవారు. 43 అధ్యయనాలను కలిపి 2015లో చేసిన ఒక పరిశీలన ఇదే చెప్పింది. కథకి తగిన కదలిక, చప్పుడు ఉంటే పిల్లలకి కథ బాగా అర్థమవుతుంది. నొక్కితే ఆడే ఆటలు చేరితే లాభం పోతుంది. 2005లో కంటి కదలికలు కొలిచిన ఇంకో పరిశోధనలో, పెద్దవాళ్ళు చదివి వినిపిస్తుంటే నాలుగేళ్ళ పిల్లలు దాదాపు బొమ్మనే చూస్తారని, అక్షరాల వైపు చూపు పోయేది చాలా తక్కువని తేలింది. మాట రంగు మారడం వల్ల ఉపయోగం అక్కడ ఉంది, చూపు ఒక్క క్షణం అక్షరం మీదికి దిగుతుంది.

ఈ కిటుకుని మన దేశంలో పెద్ద ఎత్తున వాడింది బ్రిజ్ కొఠారి గారు. 1999లో గుజరాత్ దూరదర్శన్ సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం వేసి, పాడుతున్న మాట రంగు మార్చారు. తరవాత బుక్‌బాక్స్ పేరుతో అదే పద్ధతిలో పిల్లల కథలు తెలుగుతో సహా చాలా భాషల్లో వచ్చాయి. 2015 సెప్టెంబరు 8న పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ప్రారంభించారు. అక్కడి కథల్ని ఎవరైనా దించుకోవచ్చు, తర్జుమా చేయవచ్చు, చదివి రికార్డు చేయవచ్చు. రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు చెబితే చాలు. ఈ అనుమతి ఎంత విలువైనదో మన జిల్లాల్లో ఇంకా తగినంత మందికి తెలియలేదు.

ఇప్పుడు దొరికే తెలుగు ఆడియో కథలు ఎక్కువగా స్టూడియో తెలుగులో ఉంటాయి. ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ పలాస, నెల్లిమర్ల, ఎచ్చెర్ల పిల్లలు ఇంట్లో వినే సాగదీత, యాస, పలకరింపు అందులో ఉండవు. 'ఏటే గుంటా, ఏటి సేస్తన్నావు' అని పిలిచే అమ్మమ్మ గొంతుకీ ఆ గొంతుకీ పొంతన ఉండదు. బడి పుస్తకంలో ప్రమాణ భాష రావాలి, వస్తుంది. మూడేళ్ళకి వినే కథ మాత్రం ఇంటి పలుకులో ఉంటేనే పిల్ల పుస్తకాన్ని తనదనుకుంటుంది. యేట్స్ దొరకి వచ్చిన అనుమానం ఫోన్‌లోనూ వదల్లేదు.

కొండ మీద కష్టం ఇంకా ఎక్కువ. 2004లో ఉమ్మడి రాష్ట్రం 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు మన వైపు సవర, కువి, కొండ భాషలకి తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలు అటు వెళ్ళాయి. జిల్లా పేరు మారినా పిల్లలు వాళ్ళే. ఒడిశాలో సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో ప్రథమ్ బుక్స్ బొమ్మల కథలు తెచ్చింది, లిపి ఒడియా. ఇటు పిల్లకి ఆ పుస్తకం చదవడం రాదు, అటు పిల్లకి మన వాచకం చదవడం రాదు. రెండూ చదివి వినిపిస్తే ఇద్దరూ వింటారు, పలుకులో కొద్ది తేడాలున్నా పోల్చుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 4 లక్షల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఆ భాష లేదు. కంప్యూటర్ చేత తర్జుమా చేయించి, చదివించే భాషిణి అనే వేదికని కేంద్రం 2022లో తెచ్చింది, అది ప్రధానంగా ఆ షెడ్యూల్లోని 22 భాషల కోసం. కంప్యూటరే చదివి వినిపిస్తుందిలే అని సవర పిల్లల విషయంలో చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మనిషే చదవాలి.

చదవడానికి కావలసింది పెద్ద స్టూడియో కాదు. ఫ్యాను ఆపిన గది, కిటికీకి దుప్పటి, మంచి ఫోను ఉంటే చాలు. పేజీకో ముక్కగా రికార్డు చేసి, ప్రతి మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో గుర్తు పెట్టాలి. తెలుగులో ఇక్కడే చిక్కు వస్తుంది. మాటలు పలుకులో కలిసిపోతాయి. విడివిడిగా పలికితే రంగు సరిగ్గా మారుతుంది గానీ కథ బిగుసుకుపోతుంది. నా ఉద్దేశంలో ఒక్కో మాటకి బదులు ఒక్కో ఊపిరిలో వచ్చే పదబంధాన్ని కలిపి రంగు మార్చడం మేలు. పేజీ చివర ఆడియో దానంతటది పరుగెత్తకుండా ఆపాలి, పిల్ల తాకాకే తరవాతి పేజీకి వెళ్ళాలి. ఊ కొట్టడానికి కాస్త చోటు అక్కడ దొరుకుతుంది. కొండ ఊళ్ళలో సిగ్నల్ నమ్మలేం కాబట్టి కథలు ముందే దించి ఫోన్‌లో ఉంచాలి. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ కోసం ఫోను ఎలాగూ ఉంది.

గొంతులకీ కొరత లేదు. జముకుల కథ చెప్పేవాళ్ళు, తప్పెటగుళ్ళ బృందాల్లో పాడేవాళ్ళు, సవర వాచకాలు రాసిన పంతుళ్ళు మన మధ్యే ఉన్నారు. శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు గారు స్థాపించిన కథానిలయం తెలుగు కథల్ని అచ్చులో భద్రపరుస్తోంది. గొంతులకి కూడా అలాంటి చోటు ఒకటి కావాలి. మొదటి విడతకి ఇరవై కథలు చాలు, పది ఇక్కడి తెలుగులో, పది సవరలో. చదివిన ప్రతి మనిషికీ డబ్బు ఇవ్వాలి, పేరు వేయాలి.