వేలిముద్ర పడని నానమ్మ

చిట్టితల్లీ,

రేషన్ షాపులో మీ నానమ్మగారు మూడుసార్లు వేలు పెట్టినా ముద్ర పడలేదని, "మిషన్‌కి నానమ్మంటే కోపమా తాతయ్యా?" అని రాశావు. కోపం కాదమ్మా. దానికి ఆవిడ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడు. టేపుతో కొలిచాక కూడా కత్తెర పట్టేవాడు కాదు. "ఏం పని చేస్తావు?" అని అడిగేవాడు. తాడిచెట్టెక్కే మామయ్యకి చంకల దగ్గర వదులు ఉంచేవాడు, చెయ్యెత్తితే పిగిలిపోకుండా. నాట్లు వేసే అత్తల రవికలకి వీపు మీద రెండు వరసల కుట్టు, రోజంతా వంగుతారు కదా. నన్ను మాత్రం ఏమీ అడగనిచ్చేది కాదు మా అమ్మ. "ఎదిగే పిల్లాడు, రెండేళ్లు రావాలి" అనేసేది. మూడో తరగతిలో కుట్టించిన నిక్కరు ఐదులో సరిపోయింది. ఆ రెండేళ్లూ నా పరువు కాపాడింది మొలతాడే! ఏం చెబుతున్నానూ... ఆ, దర్జీ.

సాఫ్ట్‌వేరూ కుట్టుపనే. ఎవరి వేళ్లని ఆదిగా తీసుకుంటే వాళ్లకే సరిపోతుంది. ఏళ్ల తరబడి కలుపు తీసి, అంట్లు తోమి గీతలు అరిగిపోయినవాళ్లకి బిగుతైపోతుంది. అప్పుడు "మీ వేలే బాలేదు" అంటారు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. చొక్కా పట్టకపోతే ఒంటిని తిడతామా?

మా దర్జీలా ముందు అడిగి కుట్టినవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని కూలీల, రైతుల సంఘం 1990 నుంచి ఉంది. పంచాయతీ పనుల లెక్కలు ఊరందరి ముందూ చదివించేవాళ్లు. చచ్చిపోయినవాళ్ల పేరన కూలి రాసిన సంగతులు కూడా అలాగే బయటపడ్డాయి. 2019లో అక్కడి ప్రభుత్వం జన సూచన పోర్టల్ అని, ప్రభుత్వ లెక్కలు అందరికీ చూపించే వెబ్‌సైటు తెచ్చేటప్పుడు అధికారులు ఇలాంటి వాళ్లతో కూర్చుని, ఏం కావాలో అడిగారు. ఇప్పుడు ఏ రేషన్ షాపులో ఎవరి పేరన ఎంత ఇచ్చినట్టు రాశారో, అర్జీ పెట్టకుండానే చూడొచ్చు. అదీ అందరికీ సరిపోదులే. ఫోను వాడటం రాని ముసలమ్మ పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

ఆదివారం ఒక పని చెయ్యి. స్టాంపు ప్యాడు తెచ్చి, నానమ్మగారి బొటనవేలి ముద్ర తెల్లకాగితం మీద వేయించు. పక్కనే నీదీ వెయ్యి. భూతద్దం పెట్టి రెండూ చూడు. ఏ పనికి ఏ గీత పోయిందో ఆవిడనే అడుగు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కాగితం నాకూ చూపించాలి.

మీ తాతయ్య