బీటా బ్లాకర్ ఏ గుండెకు?

గుండె వైఫల్యం ఉన్నవారికి బీటా బ్లాకర్ ఇవ్వకూడదని ఒకప్పుడు వైద్య విద్యార్థులకు గట్టిగా నూరిపోసేవారు. ఇప్పుడు అదే రోగికి ఆ మందు రాయకపోతే, ఎందుకు రాయలేదని అడుగుతారు.

అడ్రినలిన్ వంటి హార్మోన్లు గుండె కణాల మీది బీటా గ్రాహకాలను (హార్మోన్ల సంకేతాన్ని అందుకునే భాగాలను) తాకితే నాడి వేగం పెరుగుతుంది. ఆ తాకిడికి అడ్డుపడేదే ఈ మందు. 1960లలో ఈ కోవకు చెందిన ప్రొప్రనొలాల్‌ను రూపొందించిన జేమ్స్ బ్లాక్ ఆలోచన సూటిగా ఉండేది: గుండెకు ఆక్సిజన్ సరఫరా పెంచలేకపోతే, దాని అవసరాన్నే తగ్గిద్దాం. ఛాతీనొప్పి రోగులకు అది వరమైంది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

అసలే నీరసించిన గుండెను ఇంకా నెమ్మది చేస్తారా అన్న అభ్యంతరం సహజమే. 1975లో స్వీడన్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం అలాంటి కొద్దిమందికి ఇచ్చి మెరుగుదల చూపినా చాలామంది నమ్మలేదు. బలహీనమైన గుండెను శరీరం అడ్రినలిన్‌తో ఆగకుండా అదిలిస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ అదిలింపే కండరాన్ని దెబ్బతీస్తుంది. 1999లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో మరణాలు దాదాపు 34 శాతం తగ్గాక వాదన ముగిసింది. అయితే ఈ మేలు ప్రధానంగా ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనలో గుండె తన గదిలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతుందో చెప్పే కొలత) 40 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవారికి. అదీ బైసొప్రొలాల్, కార్విడిలాల్, నెమ్మదిగా విడుదలయ్యే మెటొప్రొలాల్ వంటి కొన్నింటితోనే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడుతున్న వేళ మొదలుపెట్టరు. పరిస్థితి కుదుటపడ్డాక చిన్న మోతాదుతో ఆరంభించి వారాల మీద పెంచుతారు.

గుండెపోటు తర్వాత కథ ఇందుకు తలకిందులు. అందరికీ ఇవ్వాలన్న పాత సలహాకు ఆధారమైన పరీక్షలు స్టెంట్లు రాకముందువి. గుండెపోటు వచ్చినా ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతానికి తగ్గని సుమారు 5,000 మందిపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో మరణాలు గానీ మళ్లీ గుండెపోట్లు గానీ తగ్గలేదు. అంటే మందు రాసేముందు జబ్బు పేరుతో పాటు ఈ కొలతను చూపే ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టూ చూడాలి.

గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వేగాన్ని అదుపు చేయడానికి ఇది ఇప్పటికీ నమ్మకమైన మందే. ఒట్టి రక్తపోటుకు మాత్రం సాధారణంగా తొలి ఎంపిక కాదు.

నాడి మరీ నెమ్మదిగా ఉన్నా, పేస్‌మేకర్ లేకుండా తీవ్రమైన హార్ట్ బ్లాక్ (రక్తనాళం పూడిక కాదు, గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డంకి) ఉన్నా ఇది పనికిరాదు. ఉబ్బసం ఉంటే సాధారణంగా దూరం పెడతారు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారిలో చక్కెర పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించుకోవాలి.

గుండెపోటుపై 2024 నాటి ఆ అధ్యయనం చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపేయకూడదు. చాలాకాలం మూతపడిన గ్రాహకాలు సంఖ్యలో పెరిగి, హార్మోన్లకు ఎక్కువగా స్పందిస్తాయి. హఠాత్తుగా మానేస్తే ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు రావచ్చు. మానాలంటే వైద్యుల పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రావాలి.