‘1.5 డిగ్రీలు దాటేశాం, ఇక అంతే’: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌లో నడిపే వాతావరణ నమూనాలతో పనిచేసేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు మారిపోయాయి. ఒకప్పుడు ఉపన్యాసం ముగియగానే "భూమి నిజంగా వేడెక్కుతోందా?" అని నిలదీసేవారు. ఇప్పుడు అలా అడిగేవారు తగ్గారు. ఇప్పుడు ఎవరో ఒకరు, సాధారణంగా వెనక వరుసలోంచి, తటపటాయిస్తూ లేచి "ఇక ఏం చేసినా లాభం లేదట కదా?" అంటారు. ఆ గొంతులో వెటకారం ఉండదు, భయం ఉంటుంది. ఆ భయపడేవారి మీద నాకు కోపం లేదు. వారిని అలా భయపెట్టి వదిలేసిన వార్తల మీద ఉంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ ఒక్క మాటకే. మిగతా అపోహలను చివర్లో గబగబా కానిచ్చేస్తాను.

అపోహ: 1.5 డిగ్రీల గీత దాటాం కాబట్టి కథ ముగిసింది

2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి సగటు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టింది. ఒక క్యాలెండర్ సంవత్సరం 1.5 దాటడం అదే మొదటిసారి. వెంటనే, భూతాపాన్ని 1.5 దగ్గర ఆపేందుకు ప్రయత్నించాలన్న ప్యారిస్ ఒప్పందం విఫలమైందని శీర్షికలు వచ్చాయి. ఒప్పందంలోని 1.5 ఒక్క ఏడాది అంకె కాదు, దీర్ఘకాల సగటు. ఆచరణలో దాన్ని సుమారు ఇరవై ఏళ్ల సగటుగా తీసుకుంటాం. 2023-24లో ఎల్‌నినో తన వంతు వేడిని కలిపింది. దాన్ని పక్కన పెట్టి చూస్తే 2024 నాటికి అసలు భూతాపం 1.3 నుంచి 1.4 డిగ్రీల మధ్య ఉంది. ఇదే వేగంతో పోతే ఆ సగటు కూడా 2030ల తొలినాళ్లలో గీత దాటుతుంది. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు.

అయితే దాటిన తర్వాత ఏమవుతుంది? 1.5 దగ్గర అగాధమేమీ లేదు, అక్కడితో ఆట ముగిసిపోదు. పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్లకోసారి వచ్చే స్థాయి తీవ్రమైన వేడి, 1.5 డిగ్రీల ప్రపంచంలో పదేళ్లలో సుమారు నాలుగుసార్లు వస్తుంది. 2 డిగ్రీల దగ్గర అయిదారు సార్లు, 4 డిగ్రీల దగ్గర తొమ్మిదికి పైగా. ఈ లెక్కలు ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదికలోనివి. 1.7కీ 1.9కీ మధ్య తేడా లేదనుకునేవారు ఈ వరుసను మరోసారి చదవాలి. పగడపు దిబ్బల సంగతి ఇంతకంటే దారుణం. 1.5 దగ్గరే 70 నుంచి 90 శాతం పోతాయి, 2 దగ్గర 99 శాతానికి పైగా. అంటే 1.5 దాటాక మిగిలిన కొద్దిపాటి పగడాలు ఉంటాయా పోతాయా అన్నది ఆ తర్వాతి అర డిగ్రీ చేతిలో ఉంది.

అపోహ: ఈ రోజే ఉద్గారాలన్నీ ఆపేసినా వేడి దశాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. బాగా చదువుకున్నవారే ఎక్కువగా నమ్ముతారు. ఒక సైన్స్ ఉపాధ్యాయిని నా దగ్గరికి వచ్చి, ఏళ్లుగా పిల్లలకు ఈ మాటే చెబుతున్నానని, ఈమధ్య ఒక అమ్మాయి "మరి మేమెందుకు కష్టపడాలి టీచర్?" అని అడిగితే జవాబు దొరకలేదని చెప్పారు. "ఈ మాట తప్పని ఎప్పుడు తేలింది?" అని కాస్త నిష్ఠూరంగానే అడిగారు. ఆమె తప్పేమీ లేదు. పాత నివేదికలను పైపైన చదివిన ఎవరికైనా అలాగే అర్థమవుతుంది.

2007 ఐపీసీసీ నివేదికలో ఒక లెక్క ఉంది. గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువుల గాఢతను 2000 నాటి స్థాయిలోనే నిలిపి ఉంచినా, తర్వాతి రెండు దశాబ్దాల్లో దశాబ్దానికి సుమారు 0.1 డిగ్రీ చొప్పున వేడి పెరుగుతుందని. లెక్క సరైనదే. కానీ గాఢతను నిలపడం వేరు, ఉద్గారాలను ఆపడం వేరు. మనం ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సముద్రాలు, అడవులు, నేలలు పీల్చుకుంటున్నాయి. గాఢత కదలకుండా ఉండాలంటే అవి పీల్చుకున్నంతా మనం మళ్లీ పోస్తూనే ఉండాలి. అంటే ఆ లెక్క, మనం ఉద్గారాలు కొనసాగిస్తే ఏమవుతుందో చెప్పిన లెక్క. దాన్ని ‘ఆపేసినా ఇంతే’ అని చదివారు. ఉష్ణోగ్రత నిలవాలంటే ఉద్గారాలు దాదాపు సున్నాకు రావాలని 2008 నాటికే పరిశోధనలు తేల్చాయి. ఆ మాట మాత్రం మా రంగం గడప దాటి బయటికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

నిజంగా ఆపేస్తే ఏమవుతుందో చూడటానికి పలు దేశాల పరిశోధన బృందాలు కలిసి ఒకే ప్రయోగాన్ని 18 నమూనాలతో చేశాయి. ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం లక్ష కోట్ల టన్నుల కార్బన్ గాలిలోకి చేరేదాకా పోనిచ్చి, ఆ క్షణంలో కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలను సున్నా చేశారు. యాభై ఏళ్ల తర్వాత ఉష్ణోగ్రత మార్పు సగటున మైనస్ 0.07 డిగ్రీలు. కొన్ని నమూనాల్లో 0.36 తగ్గింది, కొన్నిటిలో 0.29 పెరిగింది. మధ్యన చూస్తే దాదాపు ఏమీ మారలేదు.

ఇలాంటి ఫలితాన్ని తెర మీద చూడటం విచిత్రమైన అనుభవం. ఉద్గారాల గీత గోడలా నిట్టనిలువుగా కిందికి పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ గీత మరుసటి ఏడాదే వంగడం మొదలుపెడుతుంది. ఉష్ణోగ్రత గీత మాత్రం ఏమీ పట్టనట్టు, ఏడాదికేడాది కొంచెం పైకీ కిందికీ వణుకుతూ, అడ్డంగా సాగిపోతుంది. కొత్తగా చేరిన విద్యార్థులు తప్పు ఫైలు తెరిచామేమోనని పేరు మళ్లీ సరిచూసుకోవడం నేను చూశాను.

కారణం సముద్రమే. అది ఇంకా పైనున్న వేడితో సమతూకానికి రాలేదు, అందుకే అదనపు వేడిలో 90 శాతానికి పైగా మింగుతోంది. ఆ మింగడం తగ్గేకొద్దీ ఉపరితలం వేడెక్కాలి. కానీ అదే సముద్రం, నేలతో కలిసి, కార్బన్‌ను కూడా లోపలికి లాక్కుంటూ ఉంటుంది కాబట్టి వేడిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. ఈ రెండూ దాదాపు సరిగ్గా ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అంత చక్కగా సరితూగాల్సిన అవసరమేమీ లేదు. మన అదృష్టం.

ఇంతమాత్రాన సంబరపడాల్సిన పని లేదు. పెరుగుదల ఆగుతుంది, పెరిగినది తగ్గదు. ఎక్కిన మెట్టు మీదే శతాబ్దాలు ఉండిపోతాం. సముద్రమట్టం ఎలాగూ ఆగదు. 1993లో ఏడాదికి 2 మిల్లీమీటర్లు పెరిగేది, ఇప్పుడు 4 దాటింది. మంచు పలకలకు వేడి తగిలి, కరిగి, తేరుకునేందుకు శతాబ్దాలు పడుతుంది. ఇంకో చిక్కు, బొగ్గు, చమురు ఆపితే వాటి పొగలోని సల్ఫేట్ కణాలు కొద్ది వారాల్లోనే గాలిలోంచి రాలిపోతాయి. అవి ఇన్నాళ్లూ అడ్డుకున్న వేడి, అంచనా ప్రకారం అర డిగ్రీకి దగ్గరగా, బయటపడుతుంది. దానికి విరుగుడు మీథేన్‌ను కూడా తగ్గించడం. అది గాలిలో పన్నెండేళ్లకు అటూ ఇటూ మాత్రమే నిలుస్తుంది కాబట్టి ఫలితం త్వరగా కనిపిస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 0.45 డిగ్రీ. ప్రపంచం ఏటా వదిలేది నాలుగువేల కోట్ల టన్నులకు పైగా. అంటే ఇప్పటి తీరులో గడిచే ఒక్కో ఏడాదికి దాదాపు 0.02 డిగ్రీ. ఆపిన ఏడాదితోనే ఆ కూడిక ఆగిపోతుంది. ‘ఏం చేసినా లాభం లేదు’ అనేవారు ఈ లెక్కలో ఎక్కడ తప్పుందో చూపించాలి. ఇప్పటిదాకా చేసినదానికీ ఫలితం ఉంది. ప్యారిస్ ఒప్పందం కుదిరిన నాటికి ఈ శతాబ్దాంతానికి 3 నుంచి 3.5 డిగ్రీలని అంచనా. ప్రస్తుత విధానాలతో 2.8 అని ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2025 నివేదిక చెబుతోంది. 2.8 భయంకరమైన అంకె, అందులో అనుమానం లేదు. అయినా 3.5 కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నిన్నటిదాకా ‘వేడెక్కడమే లేదు’ అని వాదించినవారిలో కొందరు ఈమధ్య ‘ఇప్పుడిక ఆలస్యమైపోయింది’ అంటున్నారు. రెండు వాదనల మధ్య వాళ్లు ఏదైనా చేయాల్సిన రోజు మాత్రం ఒక్కటి కూడా రాలేదు.

మిగతావి, క్లుప్తంగా

సూర్యుడి వల్లేనట. ఉపగ్రహాలు 1970ల చివరి నుంచి సూర్యుణ్ని కొలుస్తున్నాయి, పెరుగుదల లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొర కూడా వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే స్ట్రాటోస్ఫియర్ అనే ఆ పై పొర చల్లబడుతోంది. ఇలా జరుగుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ 1967లోనే లెక్కవేసి చూపారు. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

అగ్నిపర్వతాలు? మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఒక శాతం కూడా వదలవు.

1970ల్లో శాస్త్రవేత్తలు మంచుయుగం వస్తుందన్నారట. 1965-79 మధ్య అచ్చయిన పత్రాలను తర్వాత వెతికి చూస్తే చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44. పత్రికలకు మాత్రం ఆ ఏడే కనిపించాయి.

ఓజోన్ రంధ్రం వల్లే వేడెక్కుతోందట. అది వేరే సమస్య. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత అది మానుతోంది.

2030తో గడువు ముగుస్తుందన్నది కూడా చదవడంలో జరిగిన పొరపాటే. 1.5 దగ్గర ఆగాలంటే 2030 కల్లా ఉద్గారాలు 2010 నాటికంటే 45 శాతం తగ్గాలని ఐపీసీసీ 2018 నివేదిక చెప్పింది. అది లక్ష్యం. ప్రళయం తేదీ కాదు.

చివరగా, ‘2100 నాటికి 4 డిగ్రీలు, 5 డిగ్రీలు’ అనే వార్త కనిపిస్తే ఆ పరిశోధన ఏ ఉద్గార మార్గాన్ని వాడిందో చూడండి. చాలాసార్లు 8.5 అనే అంకె దొరుకుతుంది: ఆర్‌సీపీ 8.5, లేదా దాని తర్వాతి రూపమైన ఎస్ఎస్‌పీ5-8.5. శతాబ్దమంతా బొగ్గు వాడకం విపరీతంగా పెరుగుతూ పోతే ఏమవుతుందన్న ఊహ అది. నమూనాలో మార్పు స్పష్టంగా కనిపించాలని మేమే దాన్ని కోరి వాడతాం, అందులో తప్పు లేదు. ఆ ఫలితాన్ని ‘ఇలాగే జరగబోతోంది’ అని అచ్చువేయడమే తప్పు. ఇంధన రంగంలో వచ్చిన మార్పులను బట్టి ఆ మార్గానికి అవకాశం తక్కువని ఐపీసీసీ 2021 నివేదికే రాసింది. 4 డిగ్రీలు అసాధ్యమని దీని అర్థం కాదు. పరిశోధన పత్రంలో ఆ 8.5 అంకెను దాచరు, చాలావరకు సారాంశంలోనే ఉంటుంది. వార్తలోకి వచ్చేసరికి అది రాలిపోతుంది.